ఉప్పు మీద రాసేముందు వులిమిరి రామలింగస్వామి గారి గురించి ఒక్క ముక్క రాయాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఆరోగ్యం పేజీలో ఉప్పు గురించి వచ్చిన వ్యాసం చదివాను. అయోడిన్ ఉప్పంతా కంపెనీల మాయ అని, మన తాతముత్తాతలు ఏ అయోడిన్ తిని బతికారని, ఇప్పుడు ఇంటికొకరికి థైరాయిడ్ వస్తోందంటే ఈ ప్యాకెట్ ఉప్పు వల్లేనని, కాబట్టి సైంధవ లవణమో పింక్ సాల్టో వాడుకోమని ఒకాయన రాశారు, మీరు దాన్ని రంగు బొమ్మతో సహా అర పేజీ వేశారు. ఆయన మీద నాకేం కోపం లేదు, వాట్సాప్‌లో ఇలాంటివి రోజుకి పది వస్తాయి, మా బావమరిది ఒక్కడే నాలుగు పంపుతాడు. కానీ పేపర్లో అచ్చయితే జనం నమ్మే తీరు వేరు కదండీ. పైగా అదే పేజీలో కింద మూల వైద్య రంగంలో తెలుగువాళ్ళు అని ఒక బాక్సు కట్టి అయిదుగురు డాక్టర్ల ఫొటోలు వేశారు, అందులో ముగ్గురు గుండె ఆపరేషన్లు చేసేవాళ్ళు, ఒకాయన కిడ్నీ మార్పిడి, ఒకాయన మెదడు. అందరూ గొప్పోళ్ళే, కాదనను. కానీ పైన ఉప్పు, కింద తెలుగు డాక్టర్లు, ఈ రెండిటికీ మధ్యలో ఉండాల్సిన మనిషి, అయోడిన్ ఉప్పు మన దేశంలో పనిచేస్తుందని తేల్చిన డాక్టరు రామలింగస్వామి గారు, ఆ పేజీలో ఎక్కడా లేరు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతుంది, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి గానీ అంకెల దగ్గర మాత్రం కత్తెర పెట్టకండి.

నేను డాక్టర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా. హెల్త్ డిపార్ట్‌మెంటులో మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంటుగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరైనవాణ్ణి, సర్వీసంతా శ్రీకాకుళం జిల్లాలోనే, అందులో సగం కొండ మీదే గడిచింది. మలేరియా స్లైడులు తీశాను, బావుల్లో బ్లీచింగ్ వేశాను, పోలియో చుక్కల రోజుల్లో చుట్ట కాల్చుకుంటున్న ముసలాయన చేతిలోంచి మనవణ్ణి లాక్కుని చుక్కలేసి తిట్లు తిన్నాను. ఉప్పు గురించి నాకు తెలిసిందంతా ఆ నడకలో తెలిసిందే.

కొత్తలో ఏజెన్సీ గ్రామాలకి వెళ్ళినప్పుడు కొందరు ఆడవాళ్ళ మెడలు ముందుకి ఉబ్బి ఉండేవి. చిన్న నిమ్మకాయంత కొందరికి, కొందరికి బత్తాయి అంత. నేను అదేదో గడ్డ అనుకున్నా. వాళ్ళకి అదసలు జబ్బే కాదు, మా అత్తకీ ఉంది మా అమ్మకీ ఉంది అనేవాళ్ళు, పూసల దండ దాని మీదుగానే వేసుకునేవాళ్ళు. అప్పటి మా పీహెచ్‌సీ డాక్టరుగారు దాన్ని గాయిటర్ అంటారోయ్, తిండిలో అయోడిన్ చాలక వస్తుంది అని చెప్పి, మెడ వాపు కనిపిస్తుంది కాబట్టి నువ్వు దాన్నే చూస్తున్నావు, అదిగో ఆ అరుగు మీద కూర్చున్న పిల్లాణ్ణి చూడు అన్నారు. పదేళ్ళ పిల్లాడు, అయిదేళ్ళ వాడిలా ఉన్నాడు, మాట రాదు, వినపడదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు అయోడిన్ బాగా తక్కువైతే లోపల బిడ్డ మెదడు సరిగా పెరగదు, పుట్టాక ఎంత అయోడిన్ పోసినా ఆ నష్టం వెనక్కి రాదు అన్నారు. ఆ పిల్లాడు ఇప్పటికీ నాకు గుర్తే. మెడ వాపు సంగతి సరే, అసలు దెబ్బ తగిలేది తలకి.

తరవాత కొన్నేళ్ళకి మాకు చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో టెస్టింగ్ కిట్లు ఇచ్చారు, ఇంటింటికీ వెళ్ళి చెంచాడు ఉప్పు అడిగి దాని మీద ఒక చుక్క వెయ్యాలి, అయోడిన్ ఉంటే ఊదా రంగుకో నీలానికో తిరుగుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఊళ్ళో నా పేరు ఉప్పు బాబు. ఒక ఊళ్ళో అయితే ఉప్పులో పిల్లలు పుట్టకుండా మందు కలుపుతున్నారంట అని పుకారు లేచి, నన్ను రచ్చబండ దగ్గర కూచోపెట్టి ఏటి బాబూ నిజం చెప్పు అని నిలదీశారు. నేను ఆ ఉప్పే ఇంత నోట్లో వేసుకుని, నాకు ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో ఉంది అని చెప్తే నవ్వి వదిలేశారు. మీ వ్యాసం రాసినాయనకీ ఆ ఊరివాళ్ళకీ తేడా ఏంటంటే వాళ్ళు కనీసం నన్ను అడిగారు.

ఇంత చేసి, ఆ ఉప్పు వెనకాల ఉన్న మనిషి మా ఊరివాడేనని నాకు రిటైరయ్యే ముందు గానీ తెలీదు. ఒక ట్రైనింగులో వైజాగ్ నుంచి వచ్చిన ప్రొఫెసరుగారు మాటల్లో మాటగా చెప్పారు. సిగ్గేసింది నిజంగా. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

వులిమిరి రామలింగస్వామి గారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. అప్పటికి దాన్ని దొరలు చికాకోల్ అనేవాళ్ళు, గంజాం జిల్లాలో ఉండేది, మన జిల్లా అంటూ ఏర్పడింది 1950లోనే. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ, అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి 1951లో డీఫిల్, అంటే డాక్టరేటు. చదివింది పేథాలజీ, అంటే పక్కన పేషెంటు కాదు ఉండేది, మైక్రోస్కోపు. దేశానికి వచ్చి కూనూరులో న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేశారు, ఆ లేబొరేటరీయే తరవాత 1958లో హైదరాబాద్ తార్నాకకి మారి ఇప్పుడు మనందరికీ తెలిసిన ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ, అయింది. సరైన తిండి లేని పిల్లల లివర్ ఎలా పాడవుతుంది, ప్రోటీన్ లేకపోతే ఒళ్ళెందుకు నీరు పడుతుంది, ఇవీ ఆయన మొదట్లో చూసినవి. మైక్రోస్కోపులో జబ్బుని చూస్తూ చూస్తూ, ఇది ఆసుపత్రిలో మొదలైంది కాదు పళ్ళెంలో మొదలైంది అన్న చోటికి వచ్చిన మనిషి అన్నమాట.

ఆ కూనూరు లేబొరేటరీని మొదలుపెట్టిన మెకారిసన్ దొర కూడా అంతకు ముందెప్పుడో 1900ల్లో గిల్గిత్‌లో ఇదే మెడ వాపు వెనకాల పడ్డాడు. ఏటి ఒడ్డున వరసగా ఉన్న ఊళ్ళలో పైన ఊరికన్నా కింద ఊళ్ళో వాపు ఎక్కువ ఉందని చూసి, పై ఊళ్ళ మురికి నీళ్ళలో కలిసి కింద వాళ్ళకి జబ్బు తెస్తోందని అనుకుని, ఆ నీటి మడ్డి తనే తాగి చూశాడు. పట్టుదలలో ఎక్కడా లోటు లేదు, కానీ దారి పక్కకి పోయింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే అయోడిన్ సంగతి ఎవరికో ఒకరికి రాత్రికి రాత్రి తట్టింది కాదు. అయోడిన్ ఉప్పు రామలింగస్వామి గారు కనిపెట్టలేదు కూడా, స్విట్జర్లాండులో 1922లో, అమెరికాలో మిషిగన్‌లో 1924లోనే మొదలెట్టారు. మరి ఈయన చేసిందేంటి అంటే చెప్తా.

హిమాలయాల కింద కాశ్మీరు నుంచి ఈశాన్యం దాకా గాయిటర్ ఉన్న పట్టీ ఒకటుంది. మంచు, వాన, వరద వేల ఏళ్ళుగా మట్టిలో అయోడిన్‌ని కడిగేసి సముద్రంలోకి తోసేశాయి, మట్టిలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది మనిషికి రాదు. ఇది పుస్తకంలో మాట. కానీ మన దేశంలో, మన జనం మధ్య, మన తడి ముద్ద ఉప్పుతో ఇది పనిచేస్తుందా అన్నది ఎవరూ తేల్చలేదు. అక్కడ నీళ్ళలో ఇంకేదైనా ఉందేమో, వాళ్ళ తిండిలో ఏదైనా అడ్డం పడుతోందేమో, ఇలా రకరకాల అనుమానాలు. సర్కారు ఏమో ఖాయంగా తెలీకుండా కోట్ల మంది ఉప్పులో మందు ఎలా కలుపుతుంది చెప్పండి.

అందుకని 1956లో రామలింగస్వామి గారూ తోటివాళ్ళూ కాంగ్రా లోయ ఎంచుకున్నారు. ఇప్పుడు హిమాచల్, అప్పటికి పంజాబులోది. లక్షకి పైగా జనం ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు ముక్కలు చేశారు. ‘ఎ’ జోన్‌కి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, సి జోన్‌కి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మధ్యలో బి జోన్‌కి మామూలు ఉప్పు. ఇంకేమీ మార్చలేదు. అదే నీళ్ళు, అదే పొలం, అదే తిండి. మొదలెట్టేముందు బడి పిల్లల మెడలు చేత్తో తడిమి చూస్తే మూడు చోట్లా దాదాపు 38 శాతం మందికి వాపు ఉంది, అంటే పదిమందిలో నలుగురికి దగ్గర దగ్గర. 1962లో మళ్ళీ వెళ్ళి తడిమారు. అయోడిన్ ఇచ్చిన రెండు చోట్లా సగానికీ, సగం కన్నా కిందకీ పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న బి జోన్‌లో ఎక్కడిదక్కడే ఉంది. అంతే. ఇంతకన్నా సూటిగా ఏ వాదన గెలుస్తుంది.

నాకు ఇందులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది, అది దాచను. ఆ బి జోన్ పిల్లలు ఆరేళ్ళు మామూలు ఉప్పు తిన్నారు కదా. వాళ్ళలో ఆ మధ్యలో పుట్టినవాళ్ళ మాటేంటి. 1962 తరవాత వాళ్ళకీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా వాపు తగ్గింది, కానీ ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుందని నేననుకోను. అప్పటికి దేశంలో ఎక్కడా ఎవరికీ ఆ ఉప్పు లేదు, ఆ ఆరేళ్ళ లెక్క వల్లే తరవాత అందరికీ వచ్చింది అని నాకు నేను చెప్పుకుంటాను గానీ ముల్లు మాత్రం పూర్తిగా పోదు.

ఇంకో సంగతి చూడండి, ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు. పాలలో కలిపితే పాలు లేని ఇల్లు తప్పిపోతుంది, మాత్రలిస్తే మూడో రోజు మానేస్తారు, నాకు తెలుసు, ఐరన్ మాత్రలు చూరులో దోపి ఉండటం నా కళ్ళతో చూశాను. ఉప్పు ఒక్కటే కూలీ తింటాడు కలెక్టరూ తింటాడు, రోజూ తింటారు, ఇంచుమించు ఒకే అంత తింటారు, ఎంత ఇష్టమైనా పిడికెడు ఉప్పు ఎవడూ తినలేడు. తయారయ్యే చోట్లు కూడా దేశంలో కొన్నే. ఇక అయోడైడా అయోడేటా అన్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మనలాంటి దేశానికి అదే అసలు విషయం. చల్లటి దేశాల శుభ్రమైన పొడి ఉప్పులో అయోడైడ్ నిలుస్తుంది, మన చెమ్మ గాలికి మన ముతక ఉప్పులో అది ఎగిరిపోతుంది, అయోడేట్ అయితే గట్టిగా పట్టుకుని ఉంటుంది. మా నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర గోనె సంచుల్లోంచి నీరు కారే ఉప్పు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మనిషికి కావాల్సిన అయోడిన్ రోజుకి 150 మైక్రోగ్రాములు, మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ, 250. డెబ్భై ఏళ్ళు బతికితే మొత్తం లెక్క వేసుకోండి, నాలుగు గ్రాములు కూడా అవదు. జీవితానికి చిన్న చెంచాడు. అది లేకపోతే ఒక ఊరు ఊరే మందంగా తయారవుతుంది. ఇప్పుడు రూల్ ప్రకారం ఉప్పులో మన ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 15 పాళ్ళు, అయోడిన్ ఉండాలి. పది గ్రాముల ఉప్పులో 15 పీపీఎం అంటే సరిగ్గా ఆ 150. ఆ లెక్క ఎవడో కంపెనీవాడు వేసుకున్నది కాదు.

1962లోనే కేంద్రం నేషనల్ గాయిటర్ కంట్రోల్ ప్రోగ్రామ్ పెట్టింది. పెట్టింది గానీ ఇరవై ఏళ్ళు నత్తనడకే, హిమాలయం పట్టీకే పరిమితం, ఉప్పు తయారీ చాలలేదు, మైదానాల్లో మనకేం ఫర్వాలేదు అనుకున్నారు. తర్వాత చూస్తే మైదానాల్లోనూ ఉంది, సముద్రం పక్కనా ఉంది. 1980ల్లో గానీ దేశమంతా తినే ఉప్పంతా అయోడిన్ ఉప్పే ఉండాలన్న నిర్ణయం రాలేదు. 1992లో ఆ ప్రోగ్రామ్ పేరే మార్చి అయోడిన్ లోప రుగ్మతలు అన్నారు, ఎందుకంటే కథ మెడది కాదు మెదడుది అని అప్పటికి అందరికీ అర్థమైంది. 1998లో అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదన్నారు, 2000లో నీ ఇష్టం అని ఎత్తేశారు, మళ్ళీ 2006 మేలో పెట్టారు. ఆ ఎత్తేసిన ఆరేళ్ళలో నా కిట్‌లో తెల్లగా మిగిలిన చుక్కలు ఎన్ని పెరిగాయో నాకు తెలుసు. అందుకే మీ అర పేజీ చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఢిల్లీలో ఆయన ఉద్యోగాల సంగతి గబగబా చెప్పేస్తా, ఎందుకంటే పదవులు ఎవరికైనా ఉంటాయి. 1969 నుంచి 1979 దాకా ఎయిమ్స్ డైరెక్టర్, తరవాత 1986 దాకా ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, డైరెక్టర్ జనరల్. 1965లో సైన్సుకిచ్చే భట్నాగర్ బహుమతి, 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ్, 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో. ఇప్పుడు విదేశాల నుంచి తిరిగొచ్చే యువ సైంటిస్టులకి కేంద్రం ఇచ్చే ఫెలోషిప్ ఆయన పేరు మీదే ఉంది, ఆ ఫెలోషిప్ తీసుకున్న మన కుర్రాళ్ళలో కొందరికి ఆయన తెలుగువాడని తెలీదని నా అనుమానం.

నాకు వీటన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1981లో ఐసీఎంఆర్, సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ కలిసి వేసిన కమిటీకి ఆయన అధ్యక్షుడుగా ఇచ్చిన రిపోర్టు. అందరికీ ఆరోగ్యం అన్న పేరు మీద వచ్చింది. దేశంలో పేరున్న పెద్ద ఆసుపత్రికి పదేళ్ళు డైరెక్టరుగా ఉన్న మనిషి, పెద్ద ఆసుపత్రులు, పట్నాలు, డాక్టర్లు, మందులు, వీటి చుట్టూ తిరిగే పద్ధతి మనకి సరిపడదు, ఊళ్ళోంచి మొదలెట్టాలి, నీళ్ళు తిండి పారిశుధ్యం ఆడవాళ్ళ చదువు కూడా వైద్యంలో భాగమే అన్నాడు. ఇంట్లో కూచుని నేనంటే విడ్డూరమేం లేదు, ఎయిమ్స్ కుర్చీలోంచి లేచొచ్చిన మనిషి అనడం విడ్డూరం. ఆ రిపోర్టులోవి ఎన్ని జరిగాయంటే, సర్లెండి, అది ఇంకో ఉత్తరం.

1994 సెప్టెంబర్లో సూరత్ ప్లేగు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ళు కూడా బోలెడంతమంది, దొరికిన రైలెక్కి వచ్చేశారు. ప్లేగుకి వేసుకునే టెట్రాసైక్లిన్ మందుల షాపుల్లో మాయమైంది, మూతికి గుడ్డలు కట్టుకుని తిరిగారు, కొన్ని దేశాలు మన విమానాలు ఆపేశాయి. మరోపక్క డాక్టర్లలోనే గొడవ, ఇది అసలు ప్లేగేనా ఇంకేదన్నానా అని. అప్పుడు అది తేల్చడానికి వేసిన కమిటీకి పెద్ద ఈయనే, 73 ఏళ్ళ వయసులో. రోగుల దగ్గర తీసిన శాంపిళ్ళు, ఊరి పరిస్థితి అన్నీ చూసి ప్లేగే అని తేల్చారు. వరద నీళ్ళు, కుళ్ళిన పశువుల కళేబరాలు, ఎత్తని చెత్త, ఎలకలు ఇవన్నీ ఆ కథలో ఉన్నాయి. 1995లో అక్కడికి మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు గారు ఆ ఊరిని ఊడ్చి కడిగి పెట్టారన్నది అందరికీ తెలిసిందే.

ఇంకొకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. 1996లో యునిసెఫ్ కోసం ఇంకో ఇద్దరితో కలిసి ఆయన ఒక వ్యాసం రాశారు, ఆసియా చిక్కుముడి అనొచ్చు దాని పేరుని. ఆఫ్రికాలో కరువు ఎక్కువ, మనకి పంటలు ఎక్కువ, డాక్టర్లు ఎక్కువ, అయినా బరువు తక్కువ పిల్లలు మన దక్షిణాసియాలోనే ఎక్కువెందుకు. వాళ్ళు చెప్పిన జవాబు గోదాములో లేదు, వంటింట్లో ఉంది. ఇక్కడ ఆడది అందరూ తిన్నాక మిగిలింది తింటుంది, కడుపుతో ఉన్నప్పుడు పెరగాల్సిన బరువు పెరగదు, పుట్టే పిల్లల్లో మూడో వంతు మంది తక్కువ బరువుతోనే పుడతారు, అక్కడే వెనకపడిపోతారు. నేను ఇది చదివి మా ఇంట్లో మా అమ్మ అన్నం కుండ అడుగు గీకుతూ కూర్చునే దృశ్యం గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఆ వ్యాసం మీద వాదనలు తరవాత చాలా జరిగాయి, మరుగుదొడ్లు లేకపోవడం కూడా పెద్ద కారణమని ఇంకొందరన్నారు, అదీ నిజమే కావచ్చు. కానీ కుండ అడుగు సంగతి ఒక పెద్ద డాక్టరు అచ్చులో పెట్టడం నాకు అదే మొదటిసారి చూడటం.

2001 మే 28న పోయారు. మన పేపర్లలో ఎంత వచ్చిందో నాకు గుర్తులేదు, గుర్తుండేంత రాలేదనే అనుకుంటా.

ఇంటి సంగతి ఒకటి చెప్పి, మా జిల్లాలో కిడ్నీ జబ్బుల ప్రాంతం ఉద్దానం గురించి రాస్తాను. మా అన్నయ్య మనవరాలు ఎంబీబీఎస్ అయ్యాక పీజీలో కమ్యూనిటీ మెడిసిన్, అంటే ఒక్క రోగిని కాదు ఊరి జనం మొత్తం ఆరోగ్యం చూసే చదువు, సీటు వచ్చింది, పిల్లలు పాత అలవాటుగా పీఎస్ఎం అంటారు. ఆ కబురు వచ్చిన రోజు ఇంట్లో ఎవరో పోయినట్టు కూచున్నారు. మా వదిన అయితే, అంటే ఇది ఏ డాక్టరు రా, దేనికి చూస్తది, కంటికా పంటికా అంటుంది. పెళ్ళి సంబంధాలవాళ్ళకి ఏం చెప్పాలో తెలీక జనరల్ ఫిజీషియన్ అని చెప్తున్నారు. నేను ఆ పిల్లకి రామలింగస్వామి గారి కథంతా చెప్పాను. తాతా, ఆయన ఎయిమ్స్ డైరెక్టరు, నేను సర్వే ఫారాలు నింపుతున్నా అంది. అన్న మాట తప్పేం కాదు, కానీ కాంగ్రాలో కూడా మొదట జరిగింది మెడలు తడిమి ఫారాలు నింపడమే.

ఇప్పుడు మా జిల్లా సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం పట్టీలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో దశాబ్దాలుగా కారణం ఖాయంగా తేలలేదు. కొబ్బరి చెట్ల మధ్య పచ్చగా ఉండే ఊళ్ళు, సంపాదించే మగాళ్ళు నలభై యాభై ఏళ్ళకే డయాలసిస్ మంచం మీద. 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు, మంచి పనులే, ఏ పార్టీ చేసినా చేతులెత్తి దండం పెడతాను. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని, నీళ్ళు తాగకపోవడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, చాలా బృందాలు వచ్చి శాంపిళ్ళు తీసుకెళ్ళాయి. కానీ పేపర్లో వార్త వచ్చేది ఎప్పుడండీ, కొత్త డయాలసిస్ మిషన్‌కి రిబ్బన్ కట్ చేసినప్పుడు. ఒకే ఊరివాళ్ళని పదేళ్ళు వదలకుండా చూస్తూ, ఈ ఊళ్ళో ఇది మార్చాం ఆ ఊళ్ళో మార్చలేదు, తేడా ఇదీ అని లెక్క తేల్చే డాక్టరు ఎవరైనా ఉంటే ఆయన ఫొటో మీ బాక్సులో ఎప్పుడు పడుతుంది. కాంగ్రాకి శ్రీకాకుళం నుంచి ఒకడు వెళ్ళాడు. శ్రీకాకుళానికి ఎవరొస్తారు అని అడగడానికే నాకు మొహం చెల్లట్లేదు, మన పిల్లకే పీఎస్ఎం వస్తే ఏడ్చాం కాబట్టి.

ఇక మీ వ్యాసం దగ్గరికే మళ్ళీ వస్తా. ఆయన రాసినదాంట్లో కొంచెం నిజం కూడా ఉంది, దాన్ని నేను కాదనట్లేదు. అయోడిన్ మరీ ఎక్కువైనా కొందరికి థైరాయిడ్ ఇబ్బంది రావచ్చు. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించాలి, రోజుకి అయిదు గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ అంటోంది. కానీ ఉప్పు తగ్గించుకోవడం వేరు, ఉన్న ఉప్పులోంచి అయోడిన్ తీసేసుకోవడం వేరు. ఇప్పుడు మన దగ్గర కనిపించే, థైరాయిడ్ మందగించే హైపోథైరాయిడ్‌లో ఎక్కువ భాగం మన ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడటం వల్ల వచ్చేది, ఉప్పు ప్యాకెట్ పారేస్తే అది పోదు, పైగా మీ వ్యాసం చదివి ఎవరన్నా వాడే మాత్ర ఆపేస్తే అదొక గొడవ. సైంధవ లవణంలో గానీ పింక్ సాల్ట్‌లో గానీ విడిగా కలిపితే తప్ప చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. పూజకి ఉపవాసానికి వాడుకోండి, ఎవరొద్దన్నారు. కొత్తగా పెళ్ళైన పిల్ల ఉన్న ఇంట్లో, కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంట్లో రోజువారీ వంటకి అదే వాడమని మాత్రం పేపర్లో రాయకండి. మెత్తుప్పు నచ్చకపోతే కల్లుప్పులో కూడా అయోడిన్ కలిపింది దొరుకుతుంది, ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ చూసి కొనుక్కోవాలి, ఇంటికొచ్చాక మూత ఉన్న డబ్బాలో పోసుకోవాలి, పొయ్యి పక్కన తడి చేత్తో తీసే గిన్నెలో కాదు.

నేను అడిగేది రెండే. ఆ వ్యాసానికి ఒక సవరణ వెయ్యండి, అదే సైజు అక్షరాల్లో, ఎనిమిదో పేజీ మూల కాదు. రెండోది, ఈసారి ఆ తెలుగు డాక్టర్ల బాక్సు కట్టినప్పుడు వులిమిరి రామలింగస్వామి గారి ఫొటో ఒకటి పెట్టండి, పేరు కింద ఏ డాక్టరు అని రాయాలో తెలీకపోతే మా వదినకి నేను చెప్పిందే రాయండి, ఊళ్ళకి డాక్టరు అని.

ఆ టెస్టింగ్ కిట్ మీ ఆఫీసు దగ్గర్లో ఉన్న ఏ ఆశా కార్యకర్త దగ్గరైనా ఉండాలి, సిగ్గుపడకుండా అడిగి మీ క్యాంటీన్ ఉప్పు మీద ఒక చుక్క వేయించండి. తెల్లగా ఉంటే నాకొక కార్డు ముక్క రాయండి, నేనే ఒక ప్యాకెట్ పట్టుకుని వస్తా.

ఇట్లు,
రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
శ్రీకాకుళం జిల్లా